పోటు మీద కట్టిన తాడు

లియోనీ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఈ సీజన్‌కి చుక్కాని ఎవరి చేతికి నాన్నా?" అని. దానికి డెల్బర్ట్ పోయిన వారం వంటింట్లో బూట్లు విప్పుకుంటూ, "శుక్రవారం ఓడెట్ కొట్లో చెప్తాలే" అన్నాడు. అన్నవాడు హాయిగా నిద్రపోయాడు. విన్నదానికే అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు.

ఆ ప్రశ్న వెనక ఇంకో సంగతి ఉంది. అది లియోనీకి తప్ప ఇంకెవరికీ తెలియదు. సెప్టెంబరులో ఒక పట్టపగలు, పొగమంచు ఆనవాలు కూడా లేని రోజున, డెల్బర్ట్ తను పుట్టిపెరిగిన రేవును పక్కనుంచి దాటేసి బోటును తిన్నగా పోనిచ్చాడు. "నాన్నా, మన రేవు వెనకపడిపోయింది" అని ఆమె అంటే, "ఇంజను ఎట్లా లాగుతోందో చూస్తున్నానే" అన్నాడు. ఆయన మొహంలో మాత్రం ఇంజను ఆలోచన ఏమీ లేదు. ఈ సంగతి ఆమె మొగుడు రోజేర్‌కి కూడా చెప్పలేదు. చెబితే ఊరికి చెప్పినట్టే. బోటు నడిపే సరంగు తనంతట తాను దిగితే మర్యాద, ఒకళ్లు దింపితే అవమానం. అందుకని ఆ మాట ఆయన నోటినుంచే రావాలి. సోమవారం లాబ్‌స్టర్ బోనులు సముద్రంలో దించేలోపు రావాలి.

శుక్రవారం రానే వచ్చింది. తండ్రీకూతుళ్లు అఖాతం దాటి తమ బోటు ఏంజెలిన్‌లోనే బయల్దేరారు. ట్రక్కులో పోదామని లియోనీ అన్నది కానీ, కొత్తగా బాగుచేయించిన ఇంజను చప్పుడు వినాలని ఆయన పట్టుబట్టాడు. నిండు పోటు మీద వచ్చి జెట్టీని ఆనుకున్నారు. ఓడెట్‌కిస్తానన్న స్కాలప్ ఆల్చిప్పల పెట్టె ఎత్తుకుని లియోనీ నిచ్చెన ఎక్కుతుంటే, "నువ్వు పద, నేను కట్టేసి వస్తా" అన్నాడు డెల్బర్ట్. ఆమె ఓడెట్ కొట్టు వంటింటి గుమ్మంలోకి పోయింది.

ఓడెట్ బీరు కొట్టు ఒకప్పుడు హెర్రింగ్ చేపలకు పొగబెట్టిన షెడ్డు. ఎన్నిసార్లు కడిగినా దూలాల్లోంచి ఆ వాసన పోలేదు. ఆ వాసనే బీరుకు సగం రుచి అని తాగేవాళ్లు అంటారు, తాగనివాళ్లు ఏమంటారో ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు. సముద్రం వైపు గోడంతా అద్దాలే. ఇటు పక్క వరసగా పెద్ద పెద్ద రాగి కాగులు. నవంబరు వచ్చిందంటే ఓడెట్ వాటిలో స్ప్రూస్ చెట్టు చిగుళ్లు వేసి నల్లబీరు కాస్తుంది. బోనులు దించే సోమవారానికి ముందొచ్చే శుక్రవారం దాని మొదటి పీపా తెరుస్తారు. ఆ రోజు ప్రతి సరంగూ గ్లాసు పైకెత్తి, తన బోటు చుక్కాని ఎవరిదో, డెక్కు మీద ఎవరెవరో పేర్లు చెబుతాడు. గ్లాసెత్తి చెప్పిన పేరు ఇక మార్చకూడదు. మారిస్తే ఆ బోటుకు చేటని నమ్మకం. చదువుకున్న కుర్రాళ్లు దాన్ని మూఢనమ్మకం అంటారు, అంటూనే పాటిస్తారు.

లియోనీ అద్దాల పక్క బల్ల కాకుండా లోపలి బల్ల ఎంచుకుంది. నలుగురి కళ్లూ పడని చోట కూర్చుంటే తండ్రి మనసు విప్పుతాడని ఆమె ఆశ.

"నాన్నా, మరి ఆ సంగతి..."

"ముందు సూపు రానీ అమ్మాయ్. కాలే కడుపుతో మాటలేంటి?"

సూపు వచ్చింది. పాలూ వెన్నా పోసి కాచిన హాడక్ చేపల సూపు, గిన్నె అంచుదాకా. డెల్బర్ట్ దాన్ని పసిపిల్లాడిని లాలించినట్టు ఊదుకుంటూ, ఊదుకుంటూ తాగాడు. ఆయన చెంచా కింద పెట్టేదాకా లియోనీ ఓపిక పట్టింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా."

"ఏంటి, రాప్యూర్ చెప్పలేదా నువ్వు? ఓడెట్! నాకో రాప్యూర్ పలక! అంచు బాగా మాడింది తీసుకురా!"

బంగాళదుంప తురుములో కోడిమాంసం పెట్టి కాల్చిన ఆ రాప్యూర్ అంత తొందరగా వచ్చేది కాదు. ఈలోగా ఓడెట్ చిన్న గ్లాసుల్లో నల్లబీరు పట్టుకొచ్చి బల్ల దగ్గరే నిలబడిపోయింది. లియోనీకి చిన్ననాటి స్నేహితురాలే, కానీ ఆ క్షణంలో శత్రువుకన్నా ఎక్కువైంది.

"కొంచెం రుచి చూసి చెప్పు బాబాయ్. చిగురు ఎక్కువైందా? చేదు తగులుతోందంటున్నారు."

ఇంకేముంది! డెల్బర్ట్ ఒక గుక్క పుక్కిలించి, కళ్లు మూసుకుని, వాళ్లమ్మ స్ప్రూస్ బీరు ఎలా కాచేదో మొదలుపెట్టాడు. చిగుళ్లు ఏ కొండవైపు కోసేదో, మొలాసిస్ పాకం ఎప్పుడు పోసేదో, ఒక ఏడాది సీసాలు పగిలి అటక మీదున్న నాయనమ్మ ఎలా కెవ్వుమందో. ఒక్కటి కూడా మర్చిపోలేదు. వింటున్న లియోనీకి ఒకవైపు ఊరట, ఇంకోవైపు ఒళ్లు మంట. యాభై ఏళ్లనాటి సీసాలు గుర్తున్న మనిషికి పోయిన వారం ఇచ్చిన మాట గుర్తుందో లేదో!

"చేదు ఎక్కువైందా లేదా బాబాయ్?" అంది ఓడెట్.

"అమ్మ కాచినంత లేదు. అంతే."

ఓడెట్ నవ్వుకుంటూ పోయింది. ఆమె నిలబడ్డ చోటికి కుర్చీ లాక్కుని క్లోవిస్ వచ్చి కూర్చున్నాడు. ఆయనా పాత సరంగే, డెల్బర్ట్ ఈడువాడు, నోటికి గొళ్లెం లేని మనిషి.

"ఏరా డెల్బర్ట్, ఇంకా ఆ చుక్కాని వదలవా? చేతికి అతుక్కుపోయిందేంట్రా?"

"నువ్వు వదిలేసి ఏం బావుకున్నావు? ఇంట్లో కూచుని మీ ఆవిడ చేత తిట్లు తింటున్నావు."

"తిట్లయినా వేడివేడిగా తింటున్నాగా. నీలాగా చలిలో వణకట్లేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. లియోనీ తన స్కాలప్‌లను ముళ్ల చెంచాతో పళ్లెంలో అటూ ఇటూ తరుముతోంది. వెన్నలో ఎర్రగా వేగినవి చల్లారి రబ్బరైపోయాయి. ఒక్క మాట చెప్పించుకోవడానికి ఈ లోకంలో ఎందరి ముచ్చట్లు వినాలో ఆమెకు అంతుబట్టలేదు. పన్నెండేళ్లు డెక్కు మీద బోనులు లాగింది. మంచుగడ్డ కట్టిన తాళ్లతో అరచేతులు కోసుకుంది. ఆడదాని చేతికి చుక్కానేమిటని గొణిగినవాళ్లందరి ఎదుటా పళ్లు బిగబట్టుకుని నిలబడింది. ఆ పన్నెండేళ్లూ ఓర్చుకున్నది ఈ మధ్యాహ్నం ఓర్చుకోలేకపోతోంది.

"క్లోవిస్ బాబాయ్, నాన్నతో కొంచెం మాట్లాడాలి" అంది చివరికి, మొహమాటం పక్కన పెట్టి.

"మాట్లాడుకోండమ్మా, నేనేమన్నా మీ నోళ్లు మూశానా?" అంటూ క్లోవిస్ బీరు గ్లాసుతో సహా పక్క బల్లకు జరిగాడు. అంటే చెవులు మాత్రం ఇక్కడే వదిలేశాడన్నమాట.

డెల్బర్ట్ మూతి తుడుచుకున్నాడు. కూతురి వైపు సూటిగా చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు. "సరే. విను. నేను బాగా ఆలోచించాను అమ్మాయ్..."

అప్పుడే అద్దాల దగ్గర పెద్ద గోల. పట్నం నుంచి సరదాగా వచ్చిన గుంపొకటి కుర్చీలు జరుపుకుని ఫోన్లు ఎత్తింది. "అదుగో చూడండ్రా, బోటు ఉరేసుకుంది!" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు.

ఊరివాళ్లు నవ్వలేదు. ఉరేసుకున్న బోటంటే ఏమిటో వాళ్లకు తెలుసు. ఆ ఊళ్లో సముద్రం రోజుకు రెండుసార్లు రెండంతస్తుల లోతుకు దిగిపోతుంది. పోటు మీద కట్టేవాడు ఆటును తలుచుకుని తాడు పొడుగ్గా వదలాలి. నడక నేర్చిన పిల్లకు కూడా అక్కడ మొదట నేర్పేది అదే. కురచగా కట్టి వదిలేస్తే నీళ్లు కిందికి పోతాయి, బోటు తాళ్లకు వేలాడుతుంది. బీరు గ్లాసులన్నీ ఒక్కసారే బల్లల మీద దిగాయి.

లియోనీ అద్దంలోంచి చూసింది. జెట్టీ వైపు ఎత్తుగా, సముద్రం వైపు పల్లంగా ఒరిగిపోయి, నీలిరంగు కడుపు బయటపెట్టుకుని వేలాడుతున్నది ఏంజెలిన్. వాళ్ల ఏంజెలిన్.

ఆమె ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. జెట్టీ మీద అప్పటికే జనం. ముందు తాడూ వెనక తాడూ బిగిసి కీచుమంటున్నాయి. వాటిని పట్టుకున్న ఇనప కొమ్ములు డెక్కులోంచి పెకలిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. అవి ఊడొచ్చాయంటే డెక్కు చీలుతుంది, సోమవారం మాట దేవుడెరుగు, సీజనే పోతుంది. ఆటు ఇంకా సగం కూడా కాలేదు. నీళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి.

డెల్బర్ట్ ఆయాసపడుతూ వెనకే వచ్చాడు. బోటును చూశాడు. తాళ్లను చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"ఏంటే ఇది? ఇంత కురచగా ఎవరైనా కడతారా? నిన్ను కట్టమంటే ఇదా కట్టడం?"

పది మందీ విన్నారు. లియోనీకి చెంపదెబ్బ తిన్నట్టయింది. "నేనా?" అనబోయింది. కానీ వెనక తాడులో ఠప్పున ఒక పోగు తెగింది. వాదించుకోవడానికి వేళ కాదు.

"ఓడెట్! గొడ్డళ్లు తే! రెండు!" అని అరిచింది. "క్లోవిస్ బాబాయ్, మీ బోటు మోకులు రెండు ఇటు పారేయించు. పొడుగువి, లావువి. జెట్టీ గుంజలకు మూడేసి చుట్లు వేసి పట్టుకోండి, ఒక్కో కొసకు నలుగురు."

పక్కనున్న వలల షెడ్డులో పనిచేస్తున్న రోజేర్ గోల విని పరిగెత్తుకొచ్చాడు. "లియో, నువ్వు దిగొద్దు, నేను దిగుతా!"

"నీ బరువుకు అది ఇంకా ఒరుగుతుంది. నువ్వు గొడ్డలి పట్టుకుని ముందు తాడు దగ్గర నిలబడు. రెండో గొడ్డలితో ఇంకొకళ్లు వెనక తాడు దగ్గర నిలబడండి. నేను చెప్పేదాకా వెయ్యొద్దు."

ఆమె నిచ్చెన దిగి, ఒరిగిన డెక్కు మీద పాక్కుంటూ పోయింది. నాచు పట్టిన పలకల మీద మోకాళ్లు జారాయి. ముందొక మోకు, వెనకొక మోకు బిగించింది. వేళ్లు కొంకర్లు పోతున్నా ముడి పడింది. పైన మనుషులు బరువందుకుని లాగి పట్టారు. "ఇద్దరూ ఒకేసారి వెయ్యాలి! ఒకటి ముందు తెగితే బోటు మొహం తిరిగి గుంజను గుద్దుతుంది! ఊఁ... కొట్టండి!"

రెండు గొడ్డళ్లూ ఒకేసారి పడ్డాయి. ఏంజెలిన్ ఒక్క ఊపు ఊగి, లియోనీని రెయిలింగుకేసి కొట్టి, కొత్త మోకుల మీద ఆగింది. జెట్టీ మీదివాళ్లు మూరేసి చొప్పున వదులుతుంటే మెల్లగా కిందికి జారి, ఉస్సురంటూ నీళ్లలో కూర్చుంది. కొమ్ములు నిలిచాయి. డెక్కు నిలిచింది.

కొట్టులోకి తిరిగి వచ్చేసరికి లియోనీ ఒళ్లంతా తడి, పక్కటెముక దగ్గర సలుపు. ఓడెట్ దుప్పటి కప్పి వేడి సూపు చేతిలో పెట్టింది. మెచ్చుకుంటూ ఎవరో భుజం తట్టారు. అప్పుడు క్లోవిస్ గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ అడగాల్సింది అడగకుండా ఊరుకునే మనిషీ కాదు.

"విప్పడం గొప్పగా విప్పావమ్మా. కాదన్నవాడి కళ్లు పోతాయి. మరి కట్టిందెవరు?"

అందరి కళ్లూ లియోనీ మీదికి మళ్లాయి. పట్నం గుంపు కూడా నవ్వు ఆపింది.

లియోనీ తండ్రి వైపు తిరిగింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు పద, నేను కట్టేసి వస్తానన్నది ఎవరు నాన్నా? నేను పెట్టె మోసుకుని పోలేదా? అడిగితే ఓడెట్టే సాక్ష్యం. ఆయన తప్పు తన నెత్తిన రుద్దుతున్నాడన్న కోపంతో ఆమెకు ఒళ్లు ఉడికిపోతోంది. ఆ కోపంతోనే ఆయన కళ్లలోకి చూసింది.

ఆ కళ్లలో అబద్ధం లేదు. తప్పించుకోవాలన్న బెదురు లేదు. కూతురు చేసిన పనికి నలుగురిలో తలదించుకున్న తండ్రి బాధ, అంతే ఉంది. ఆయనకు గుర్తు లేదు. తాడు పట్టుకున్నది గుర్తు లేదు, కట్టింది గుర్తు లేదు. కూతురే కట్టిందని ఆయన మనసారా నమ్ముతున్నాడు.

లియోనీ కోపం ఎక్కడిదక్కడ చచ్చిపోయింది. ఇప్పుడు నిజం చెబితే ఏమవుతుంది? ఈ బల్లల మధ్యే, ఈ మనుషుల ముందే, నలభై ఏళ్లు చుక్కాని పట్టిన సరంగు మతిమరుపు మనిషి అయిపోతాడు. ఆదివారం పొద్దున చర్చి మెట్ల మీద ఆడవాళ్లు అయ్యో పాపం అంటారు. వీధిలో పిల్లలు వేళాకోళం చేస్తారు. ఆయన దాన్ని తట్టుకోలేడు. చెప్పకపోతే తన పేరు పోతుంది. తాడు కురచగా కట్టినదాని వెంట ఏ కలాసీ సముద్రానికి వస్తాడు? మింగలేదు, కక్కలేదు.

"నేనే కట్టాను" అంది.

వంటింటి గుమ్మంలో ఓడెట్ తల ఎత్తింది. లియోనీ ఆమెను చూడలేదు.

"కంగార్లో కట్టేశా. చిప్పల పెట్టె తొందరలో... బుద్ధి పెట్టలేదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొందరు గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఒకడు మాత్రం, "చెప్పానా?" అన్నట్టు పక్కవాడి మోచేతిని పొడిచాడు. లియోనీకి అది కనబడింది. ఆ మోచేతిని విరిచేయాలన్నంత ఉక్రోషం వచ్చింది.

డెల్బర్ట్ ఆమె పక్కకు కుర్చీ జరుపుకుని, ఆమెకొక్కదానికే వినబడేట్టు అన్నాడు. "ఇవాళ నీ పేరే చెబుదామని వచ్చానే. చుక్కాని నీకిచ్చి, నేను ఒడ్డున కూచుని క్లోవిస్‌గాడితో పేకాడుకుందామనుకున్నా. ఇంకో ఏడాది పోనీ తల్లీ. ఇంకో ఏడాది నేనే చూస్తా."

"నాన్నా, వద్దు. ఇంకో ఏడాది వద్దు. నా మాట విను..."

"నువ్వు బాధపడకు. తప్పు ఎవరైనా చేస్తారు."

ఆమె చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆయన అప్పటికే లేచాడు. గ్లాసు పైకెత్తాడు. కొట్టులో అందరూ ఎత్తారు.

"ఏంజెలిన్!" అన్నాడు పెద్ద గొంతుతో. "చుక్కాని నాదే. డెక్కు మీద నా అల్లుడు రోజేర్, కుడిపక్క బోనుల దగ్గర. మిగతా ఇద్దరూ పాతవాళ్లే. మా అమ్మాయి ఈ సీజన్ ఒడ్డున ఉంటుంది."

"చుక్కాని డెల్బర్ట్!" అని కొట్టంతా అరిచి, తాగింది. మాట గ్లాసెక్కింది. ఇక దిగదు.

లియోనీ కొరివితో తల గోక్కుంది. తండ్రి పరువు కాపాడబోయి ఆయన్నే చుక్కాని దగ్గర కూర్చోబెట్టింది. నవంబరు చలిలో, నడి అఖాతంలో, సొంత రేవే గుర్తులేని మనిషి వెంట తన మొగుడిని పంపుతోంది. ఇప్పుడు నిజం చెప్పినా నమ్మేదెవరు? చుక్కాని దక్కలేదన్న కడుపుమంటతో తండ్రికి పిచ్చి అంటగడుతోందంటారు.

రోజేర్ గ్లాసుతో వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "దిగులుపడకే. మామయ్య కోపం తగ్గుతుంది. నేను బోటులోనే ఉంటాగా, మెల్లగా నచ్చజెబుతా."

"నువ్వు పోవద్దు" అంది ఆమె, పళ్ల బిగువున. "సోమవారం నువ్వు బోటెక్కొద్దు."

"ఏం? ఎందుకు?"

ఆమె నోరు తెరిచింది. అవతల డెల్బర్ట్ కోటు తొడుక్కుంటూ జేబులు తడుముకుంటున్నాడు. ఒకటి, రెండోది, మళ్లీ మొదటిది.

"అమ్మాయ్! ట్రక్కు తాళాలు నీ దగ్గరున్నాయా? పొద్దుగూకేలోపు ఇంటికి పోదాం పద."

ట్రక్కు అఖాతానికి అవతల, వాళ్ల ఇంటి ముందు ఉంది.

క్షణంసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత క్లోవిస్ బల్ల మీద దబదబా బాదాడు. "అదీ దెబ్బ! చూశావా లియోనీ, నువ్వు కట్టిన బోటెక్కడం కన్నా ట్రక్కే నయమంటున్నాడు మీ నాన్న!"

కొట్టంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది రోజేర్. డెల్బర్ట్ ఆ నవ్వే మొహాలను ఒక్కొక్కటే చూశాడు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదు. కాసేపటికి ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వాడు. చెయ్యి మాత్రం ఇంకా జేబులో తాళాల కోసం వెతుకుతూనే ఉంది.